మాట ఇచ్చే ముందు లెక్క చూడండి: రాష్ట్ర పార్టీ ఛైర్మన్ ఎన్నికలో ఓటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికాలో రాష్ట్ర పార్టీల కేంద్ర కమిటీల్లో, కౌంటీ కమిటీల్లో, రాష్ట్ర మహాసభల్లో ఓటు హక్కున్న తెలుగువారందరికీ నమస్కారం.

మీలో డెమొక్రాట్లున్నారు, రిపబ్లికన్లున్నారు. ఈ లేఖ ఇద్దరికీ. పార్టీ ఏదైనా ఛైర్మన్ ఎన్నిక దగ్గరపడగానే మన ఫోన్లు మోగే తీరు ఒకటే. ముందు అభ్యర్థి చేస్తారు. తర్వాత ఆ అభ్యర్థిని ఎరిగిన మన ఊరాయన చేస్తారు. ఆపైన వాట్సాప్ గ్రూపులో ఫొటో వస్తుంది. ‘‘మీ ఓటు మాకే కదండీ’’ అని అడిగితే ‘‘అలాగేనండీ’’ అనేస్తాం. ఎదుటి అభ్యర్థి ఎవరో, ఏం చేస్తానంటున్నారో తెలియకముందే మన ఓటు అయిపోతుంది. ఒకసారి మాట ఇచ్చాక వెనక్కి తీసుకోవడం మనకు చేతకాదు కూడా.

అందుకే ముందుగా ఒక్కటి అడుగుతున్నాం. ఎవరు ఫోన్ చేసినా ‘‘లెక్కలు చూసి చెబుతానండీ’’ అనండి. అని నిజంగానే చూడండి. చూడాల్సినవి రెండు: మీ రాష్ట్ర పార్టీ బైలాస్ (పార్టీ అంతర్గత నియమావళి), ఆ పార్టీ ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు, అంటే ఎఫ్‌ఈసీకి, పంపిన ఖర్చుల నివేదిక. రెండింటికీ కలిపి ఒక సాయంత్రం చాలు.

మన సంఘాల ఎన్నికల్లో ప్యానెల్ చూసి ఓటేయడం అలవాటు. అటు ఎవరున్నారు, ఇటు ఎవరున్నారు, మనవాళ్లు ఎటు అన్నదే లెక్క. రాష్ట్ర పార్టీ ఛైర్మన్ ఎన్నికకు ఆ కొలత పనికిరాదు. ఈ పదవిలో కూర్చున్న మనిషి చాలా రాష్ట్రాల్లో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌ను పెట్టుకుంటారు, బ్యాంకు ఖాతాల మీద అజమాయిషీ చేస్తారు, కౌంటీ పార్టీల తగాదాలు తీరుస్తారు, అధ్యక్ష ఎన్నికల్లో పార్టీ ఎలెక్టర్ల (అధ్యక్షుణ్ని లాంఛనంగా ఎన్నుకునే ప్రతినిధుల) జాబితాను అధికారులకు పంపే బాధ్యత మోస్తారు. పైగా జాతీయ కమిటీలో రాష్ట్రం తరఫున ఓటు వాళ్లదే. రిపబ్లికన్ నేషనల్ కమిటీలో 168 మంది సభ్యులు. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్, 5 టెరిటరీలు కలిపి 56, ఒక్కో చోటి నుంచి ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు రాష్ట్ర ఛైర్మన్. డెమొక్రాట్లలో ఛైర్మన్‌తో పాటు, ఆయన పురుషుడైతే తర్వాతి పదవుల్లో పైనున్న మహిళ, ఆమె మహిళ అయితే పురుషుడు జాతీయ కమిటీలోకి వెళ్తారు. 2025 ఫిబ్రవరి 1న డెమొక్రాటిక్ నేషనల్ కమిటీ ఛైర్మన్ పదవికి ముఖ్యంగా పోటీపడిన ఇద్దరూ రాష్ట్ర ఛైర్మన్లే. మిన్నెసోటాలో 2011 నుంచి పార్టీని నడిపిన కెన్ మార్టిన్ గెలిచారు. విస్కాన్సిన్‌ను నడిపిన బెన్ విక్లర్ ఓడారు. మీరు ఇప్పుడు ఎన్నుకునే మనిషి రేపు ఎక్కడిదాకా వెళ్లగలరో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక డబ్బు. ఈ లేఖలో ఎక్కువ భాగం దీనికే ఇస్తున్నాం. రాష్ట్ర పార్టీలు చతికిలబడేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి.

పోటీలో ఉన్నది ఇప్పటి ఛైర్మనో, వైస్ ఛైర్మనో, కోశాధికారో అయితే ‘‘మా హయాంలో ఇన్ని మిలియన్లు తెచ్చాం’’ అన్న మాట తప్పక వింటారు. ఎఫ్‌ఈసీ వెబ్‌సైట్‌లో రాష్ట్ర పార్టీ పేరు కొట్టి ఫారం 3ఎక్స్ తెరవండి. నెలనెలా దాఖలు చేసే పార్టీలైతే ప్రతి నెలా 20వ తేదీలోపు ముందు నెల నివేదిక వస్తుంది. ఏడాది ముగింపు నివేదిక జనవరి 31న. అందులో 11వ లైను చూడండి. వ్యక్తులు ఇచ్చిన చందాలు అక్కడ ఉంటాయి. ఏడాదిలో 200 డాలర్లు దాటి ఇచ్చినవారి మొత్తం ఒక గడిలో, అంతకు లోపు ఇచ్చినవారి మొత్తం దాని కింది గడిలో. తర్వాత 12వ లైనుకు రండి. ఇతర పార్టీ కమిటీల నుంచి, అభ్యర్థులూ పార్టీలూ కలిసి చందాలు సేకరించే ఉమ్మడి నిధుల కమిటీల నుంచి బదిలీ అయిన సొమ్ము అక్కడ పడుతుంది. అధ్యక్ష ఎన్నికల ఏడాది ఈ లైను ఉబ్బిపోతుంది. అది ఛైర్మన్ తెచ్చిన డబ్బు కాదు. పార్టీ కమిటీల మధ్య బదిలీలకు పరిమితి లేదు కాబట్టి పైనుంచి వస్తుంది, చాలాసార్లు వచ్చిన దారినే పోతుంది కూడా. ఎంత పోయిందో 22వ లైనులో కనిపిస్తుంది. 6 మిలియన్లు తెచ్చామన్నచోట 12వ లైనులోనే 4.5 మిలియన్లుంటే, సొంతంగా తెచ్చింది మహా అయితే ఒకటిన్నర.

అందుకని ఫెడరల్ సాధారణ ఎన్నికలు లేని బేసి సంవత్సరాల నివేదికలు చూడండి. 2023, 2025లవి పక్కపక్కన పెట్టుకోండి. ఎన్నికల వేడిలో డబ్బు ఎవరి హయాంలోనైనా వస్తుంది. వేడి చల్లారాక ఏప్రిల్‌లో, ఆగస్టులో జీతాలు ఇచ్చింది ఎవరన్నది నిర్వహణకు గీటురాయి. 200 డాలర్లలోపు చందాల గడి ఏడాదికేడాది పెరుగుతుంటే పార్టీకి వేళ్లు దిగుతున్నాయని అర్థం. ఆ గడి ఎండిపోయి, పదిమంది పెద్ద దాతల పేర్లే తిరిగి తిరిగి కనిపిస్తుంటే, ఆ పదిమందీ ఛైర్మన్‌తో పాటే వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

8వ లైనులో నెలాఖరుకు చేతిలో ఉన్న సొమ్ము, 10వ లైనులో పార్టీ చెల్లించాల్సిన అప్పు. ఉపన్యాసాల్లో మొదటిదే చెబుతారు. మీరు రెండోది తీసేసి, మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగించండి. చేతిలో 90,000 డాలర్లు, అప్పు 35,000, నెలకు జీతాలూ అద్దే కలిపి 40,000 అయితే ఆ ఇల్లు నెలన్నర కూడా గడవదు. అప్పు ఎవరికన్నది షెడ్యూల్ డిలో పేరుతో సహా ఉంటుంది. మెయిల్ కంపెనీకా, బ్యాంకుకా, లాయర్లకా అన్నది తేడానే. లాయర్లకు అప్పు పెరుగుతోందంటే లోపల తగాదా నడుస్తుండవచ్చు. అప్పు చేసి పప్పుకూడు తిన్న పార్టీకి ఎన్నికల ఏడాది వేసవిలో ప్రింటర్లు సరుకు ముట్టనివ్వరు, ముందు డబ్బు కట్టమంటారు.

ఒక జాగ్రత్త. ఎఫ్‌ఈసీ నివేదిక ముఖ్యంగా ఫెడరల్ ఖాతాది, అంటే అధ్యక్ష, కాంగ్రెస్ ఎన్నికలకు వాడే సొమ్ముది. రాష్ట్ర ఎన్నికల కోసం వేరే ఖాతా ఉంటుంది. దాని లెక్కలు రాష్ట్ర సంస్థ దగ్గర ఉంటాయి. టెక్సాస్‌లో అయితే టెక్సాస్ ఎథిక్స్ కమిషన్, మిషిగన్‌లో అయితే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం. రెండూ చూడకుండా పార్టీ ధనికమో బీదో చెప్పలేం.

ఈ రెండు ఖాతాల సంగతి తెలియని అభ్యర్థికి ఓటేయడం ప్రమాదమని మా గట్టి అభిప్రాయం. ఒక ఉదాహరణ చెబుతాం. ఆఫీసు అద్దె లాంటి నిర్వహణ ఖర్చును రెండు ఖాతాలూ పంచుకోవచ్చు. ఫెడరల్ ఖాతా కనీసం ఎంత భరించాలో నిబంధనల్లోనే ఉంది. బ్యాలెట్ మీద అధ్యక్ష పదవీ సెనెట్ సీటూ రెండూ ఉంటే 36 శాతం, అధ్యక్ష పదవి మాత్రమే ఉంటే 28, సెనెట్ మాత్రమే ఉంటే 21, రెండూ లేకపోతే 15. సరి సంవత్సరానికి వర్తించే శాతమే దాని ముందు బేసి సంవత్సరానికీ వర్తిస్తుంది. అద్దె 8,000 డాలర్లు, శాతం 21 అనుకోండి. మొత్తం 8,000 ఫెడరల్ ఖాతా నుంచే కట్టాలి. అందుకోసం రాష్ట్ర ఖాతా నుంచి 6,320 డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు. ఆ బదిలీ చెల్లింపుకు 10 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకు ఉన్న గడువులోనే జరగాలి. గడువు దాటితే మొత్తం భారం ఫెడరల్ ఖాతా మీదే పడుతుంది. ఫెడరల్ డాలర్ తేవడం ఎంత కష్టమో తెలిసినవారికి ఆ నష్టం విలువ తెలుస్తుంది. అక్కడ ఒక వ్యక్తి రాష్ట్ర, స్థానిక పార్టీ కమిటీలన్నిటికీ కలిపి ఏడాదికి 10,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. జాతీయ పార్టీ పరిమితి ధరలతో పాటు పెరుగుతూ 2025-26కు 44,300కు చేరింది. రాష్ట్ర పార్టీది మాత్రం ఆ 10,000 దగ్గరే ఆగిపోయింది.

జీతాల దగ్గరా ఇదే చిక్కు. ఒక ఉద్యోగి నెలలో తన పని సమయంలో 25 శాతం కన్నా ఎక్కువ ఫెడరల్ ఎన్నికల పనిలో గడిపితే ఆ నెల జీతమంతా ఫెడరల్ సొమ్ముతోనే ఇవ్వాలి. ఎవరు ఎంత సమయం ఏ పని చేశారో నెలనెలా లాగ్ రాసి పెట్టుకోవాలి. ఆ లాగులు రాయించని పార్టీలు తర్వాత ఆడిట్‌లో దొరికిపోతాయి. అభ్యర్థిని ఒక్క ప్రశ్న అడగండి: ‘‘సిబ్బంది టైమ్ లాగులు ఎవరు చూస్తారండీ?’’ తెలిసినవారు వెంటనే మనిషి పేరో పదవో చెబుతారు. తెలియనివారు దార్శనికత గురించి మాట్లాడతారు.

ఎఫ్‌ఈసీ విశ్లేషకులు నివేదికలో తేడా కనిపిస్తే అదనపు సమాచారం కోరుతూ పార్టీకి లేఖ రాస్తారు. ఆ లేఖలూ, పార్టీ ఇచ్చిన జవాబులూ అదే పేజీలో అందరికీ కనిపిస్తాయి. ఏడాదికి ఒకటీ అరా వస్తే మామూలే. ఒకే తప్పు మీద లేఖ తర్వాత లేఖ వస్తుంటే కోశాధికారి పని తెలియనివారన్నా కావాలి, ఛైర్మన్ పట్టించుకోనివారన్నా కావాలి.

మన తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇక్కడ ఉంది. అభ్యర్థులు మన దగ్గరికి వచ్చేది ఓటు కోసమే కాదు, విందుల కోసం కూడా. ‘‘ఒక టేబుల్ మీరు నింపండి’’ అంటారు. నింపే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. హెచ్‌1బీ మీద, ఎఫ్‌1 మీద ఉన్నవారు ఏ స్థాయి ఎన్నికకూ ఒక్క డాలర్ ఇవ్వకూడదు, ఫెడరలే కాదు, రాష్ట్రం, నగరం, కౌంటీ ఏదీ కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. వీసా మీద ఉన్నవారు జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేయవచ్చు గానీ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలన్న నిర్ణయాల్లో పాలుపంచుకోకూడదు. కన్సల్టింగ్ కంపెనీ కార్పొరేషన్ అయితే దాని చెక్కు ఫెడరల్ ఖాతాకు చెల్లదు. ఫెడరల్ కాంట్రాక్టు చేస్తున్న కంపెనీదైతే ఇంకా ప్రమాదం. మిత్రుల పేర్ల మీద చెక్కులు రాయించి తర్వాత వారికి డబ్బు తిరిగి ఇవ్వడం నేరం. చెక్కు రాసినవారూ, డబ్బు ఇచ్చినవారూ ఇద్దరూ ఇరుక్కుంటారు. ఇద్దరు అభ్యర్థుల్లో ఎవరి బృందం చందా ఫారంలో పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు, ఉద్యోగం, యజమాని వివరాలు తీరిగ్గా అడుగుతుందో గమనించండి. వివరాలు అడగకుండా ‘‘ముందు చెక్కు ఇవ్వండి, తర్వాత చూసుకుందాం’’ అనేవారు రేపు పార్టీ ఖాతాలను కూడా అలాగే చూసుకుంటారు.

రాష్ట్ర ఖాతా నిబంధనలు రాష్ట్రానికొక రకం. టెక్సాస్‌లో కార్పొరేట్ సొమ్ము పార్టీ తీసుకోవచ్చు గానీ ఆఫీసు నిర్వహణ, ప్రైమరీ, మహాసభ లాంటి పనులకే వాడాలి. సాధారణ ఎన్నికకు ముందు 60 రోజుల్లో అసలు తీసుకోకూడదు. మీ రాష్ట్రంలో ఏం రూలో మీ అభ్యర్థికి కంఠతా వచ్చి ఉండాలి.

తర్వాతి ప్రశ్న సమయం. ఛైర్మన్ పదవి కొన్ని రాష్ట్రాల్లో జీతమున్న పూర్తికాల ఉద్యోగం. మరికొన్ని చోట్ల గౌరవ పదవి. గౌరవ పదవి అయినచోట, పగలంతా లా ఆఫీసులోనో ఆసుపత్రిలోనో ఉండే మనిషి రాత్రి 9 తర్వాత పార్టీ నడుపుతానంటే నమ్మకండి. ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా ఎవరిని పెడతారో ఇప్పుడే పేరు చెప్పమనండి. ఇప్పటికే ఫెడరల్ పదవిలో ఉన్నవారు, ఫెడరల్ పదవికి పోటీపడుతున్నవారు ఛైర్మన్ అయితే ఇంకో ఇబ్బంది ఉంది. ఫెడరల్ పరిమితుల్లో లేని సొమ్మును వారు అడగడం మీద చట్టమే ఆంక్షలు పెట్టింది. అంటే రాష్ట్ర ఖాతాకు డబ్బు తెచ్చే పనిలో ఛైర్మన్ చేతులు కట్టేసినట్టే. జార్జియా డెమొక్రాట్ల ఛైర్‌గా ఉన్న కాంగ్రెస్ సభ్యురాలు నికీమా విలియమ్స్ 2025లో ఆ పదవి నుంచి తప్పుకున్నారు. అదే సమయంలో పార్టీ ఆ పదవిని జీతమున్న పూర్తికాలపు పదవిగా మార్చుకుంది. ఎంత మంచి నాయకులైనా ఈ చిక్కు తప్పదు.

ఇక బైలాస్. ఎవరికీ చదవాలనిపించని కాగితం. గొడవ వచ్చిన రోజున అందరూ వెతికేదీ అదే.

ముందుగా ఎవరు ఎన్నుకుంటారో చూడండి. కొన్నిచోట్ల రాష్ట్ర కేంద్ర కమిటీ, కొన్నిచోట్ల మహాసభ. టెక్సాస్‌లో మహాసభ ఎన్నుకుంటుంది. మధ్యలో ఖాళీ అయితే రాష్ట్ర ఎగ్జిక్యూటివ్ కమిటీ నింపుతుంది. తర్వాత మెజారిటీ అంటే దేనిలో మెజారిటీ అన్నది వెతకండి. కమిటీలో మొత్తం 300 మంది, వచ్చింది 210, చెల్లిన ఓట్లు 200 అనుకుందాం. పోలైన ఓట్లలో మెజారిటీ అయితే 101 చాలు. హాజరైనవారిలో అంటే 106 కావాలి. మొత్తం సభ్యుల్లో అంటే 151. ఒక్క మాట తేడాతో 50 ఓట్ల తేడా. బైలాస్ మౌనంగా ఉంటే చాలా పార్టీలు సభల నిర్వహణకు వాడే నియమాల పుస్తకం రాబర్ట్స్ రూల్స్‌ను పాటిస్తాయి. దాని ప్రకారం పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి, అందరికన్నా ఎక్కువ వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. ఖాళీ బ్యాలెట్ లెక్కలోకే రాదు. ఎవరూ ఇష్టం లేక ఖాళీగా వేస్తే నిరసన నమోదైందనుకుంటాం గానీ, నిజానికి గెలుపుకు కావాల్సిన సంఖ్యను మనమే తగ్గిస్తున్నాం. చివర్లో ఉన్నవారిని ప్రతి రౌండ్ తర్వాత తప్పించాలన్న నియమం కూడా బైలాస్‌లో రాసి ఉంటేనే ఉంటుంది. లేకపోతే నలుగురూ నాలుగు రౌండ్లు నిలబడవచ్చు.

తొలగింపు నియమాన్ని ఎన్నికకు ముందే చదవాలి. కొలరాడో రిపబ్లికన్లలో ఏం జరిగిందో చూడండి. 2024 ఆగస్టులో కొందరు సభ్యులు సమావేశమై ఛైర్మన్ డేవ్ విలియమ్స్‌ను తొలగిస్తూ ఓటేశారు, కొత్తవారిని ఎన్నుకున్నారు. సెప్టెంబరులో కోర్టు ఆ తొలగింపు చెల్లదంది. ఐదింట మూడు వంతుల ఓట్లు కావాలన్నది నియమం. ఆ వంతు వచ్చినవారిలోనా, మొత్తం కమిటీలోనా అన్నదే తగాదా. మొత్తం కమిటీలో అని కోర్టు తేల్చింది. పైన చెప్పిన 300 మంది లెక్కలో అది 126కూ 180కీ మధ్య తేడా. మిషిగన్ రిపబ్లికన్లలో ఫలితం దీనికి ఎదురుగా వచ్చింది. 2023 ఫిబ్రవరిలో మూడు రౌండ్ల తర్వాత గెలిచిన క్రిస్టీనా కరామోను 2024 జనవరిలో కమిటీలో ఒక వర్గం తొలగించి, పీట్ హోక్‌స్ట్రాను ఎన్నుకుంది. ఆమె ఒప్పుకోలేదు. కొన్ని వారాలపాటు ఒక పార్టీకి ఇద్దరు ఛైర్మన్లు. జాతీయ కమిటీ హోక్‌స్ట్రాను గుర్తించింది. ఫిబ్రవరి నెలాఖరులో కోర్టు కూడా తొలగింపు సరైనదేనంది. ఆ వారాలు అధ్యక్ష ప్రైమరీ ముంగిట గడిచాయి. ఆ సమయంలో దాతలు ఏ ఖాతాకు చెక్కు రాయాలి, కౌంటీ ఛైర్మన్లు ఎవరి ఈమెయిల్‌కు జవాబివ్వాలి?

అందుకే అభ్యర్థులిద్దరినీ ఒకే మాట అడగండి: ఓడిపోతే ఫలితాన్ని ఒప్పుకుంటారా, గెలిస్తే ఎదుటివర్గంలో ఎవరికి ఏ పని ఇస్తారు? మొదటి సగానికి జవాబు అందరూ ఒకేలా చెబుతారు. రెండో సగానికి పేరు చెప్పినవారి మాటకే బరువు.

మీ ఓటు రహస్యమేనా అన్నది కూడా ముందే తెలుసుకోండి. డెమొక్రాట్ల జాతీయ చార్టర్ (మూల నియమావళి) పార్టీ కమిటీల్లో రహస్య బ్యాలెట్ కూడదంటుంది. బ్యాలెట్ మీద మీ పేరు, సంతకం ఉంటాయి. తర్వాత ఎవరైనా చూడవచ్చు. రిపబ్లికన్లలో అది రాష్ట్ర బైలాస్‌ను బట్టి. ఇద్దరికీ ‘‘అలాగే’’ అని చెప్పి ఒకరికి వేద్దామనుకునేవారు ఈ ఒక్క నియమం చదివితే చాలు, మొహమాటం వదిలిపోతుంది. ప్రాక్సీ, అంటే మన బదులు వేరొకరు ఓటేసే అధికారం, దాని సంగతీ అంతే. రాబర్ట్స్ రూల్స్ ప్రకారం బైలాస్‌ అనుమతిస్తేనే ప్రాక్సీ. అనుమతించినా ఎవరికి ఇవ్వవచ్చు, ఒకరు ఎన్ని పట్టుకోవచ్చు, ఏ గంటలోపు అందజేయాలి అన్నవి వేరువేరుగా ఉంటాయి. ఖాళీ ప్రాక్సీ ఫారం మీద సంతకం పెట్టి ‘‘మీరు చూసుకోండి’’ అని ఎవరికీ ఇవ్వకండి. అది సంతకం చేసిన ఖాళీ చెక్కు.

ప్రీసింక్టుల (కౌంటీలోని చిన్న పోలింగ్ పరిధుల) దగ్గరికి వద్దాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రాష్ట్రమంతా కదిలిస్తానంటున్న మనిషి సొంత కౌంటీలో ఎన్ని ప్రీసింక్టు పదవులు ఖాళీగా ఉన్నాయో అడగండి. ఆ సంఖ్య కౌంటీ పార్టీ దగ్గర ఉంటుంది. క్రితంసారి రాష్ట్ర శాసనసభ సీట్లలో పార్టీ ఎన్నింటికి అభ్యర్థినే నిలపలేదో లెక్కపెట్టండి. నామినేషన్ గడువుకు ఎన్ని నెలల ముందు నుంచి అభ్యర్థులను వెతుకుతారో అడగండి. గడువుకు రెండు వారాల ముందు వెతికితే దొరికేది పేరు మాత్రమే, అభ్యర్థి కాదు.

రాష్ట్ర పార్టీకి చట్టం కొన్ని ప్రత్యేక వెసులుబాట్లు ఇచ్చింది. నిబంధనలకు లోబడి లాభాపేక్ష లేని సంస్థల తపాలా రేటుకు ఉత్తరాలు పంపవచ్చు. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ అభ్యర్థుల పేర్లతో నమూనా బ్యాలెట్ వేసి పంచితే, షరతులు పాటించినంతవరకు, అది ఏ అభ్యర్థికీ ఇచ్చిన చందాగా లెక్కకు రాదు. స్వచ్ఛంద కార్యకర్తలు చేతులతో కట్టలు కట్టి, చీటీలు అంటించి పంపే ఉత్తరాలకూ అలాంటి మినహాయింపే ఉంది. అయితే కార్యకర్తల పని నామమాత్రం కాకూడదు, కొనుక్కున్న జాబితాకు పంపకూడదు, జాతీయ పార్టీ సొమ్ము వాడకూడదు. ఎక్కడ తప్పుతుందంటే, అంతా మెయిల్ కంపెనీయే చేసేసి, ఇద్దరు కార్యకర్తలను నిలబెట్టి ఫొటో తీస్తారు. ఫిర్యాదు వస్తే ఆ ఖర్చంతా అభ్యర్థికి ఇచ్చిన చందాగా మారుతుంది, పరిమితి దాటిపోతుంది. ఈ వెసులుబాట్లను ఎంతవరకు వాడుకున్నారని అడిగితే, పార్టీ పని చేసినవారికి కళ్లు మెరుస్తాయి. మిగతావారు సోషల్ మీడియా గురించి చెబుతారు.

ఇప్పుడు అసలు ఎంపిక. చాలాసార్లు పోటీ వేదిక మీద బాగా మాట్లాడే మనిషికీ, లెక్కలు బాగా తెలిసిన మనిషికీ మధ్య ఉంటుంది. సభలో మొదటివారికే చప్పట్లు. మా సలహా రెండోవారికి. మాట్లాడేవారిని పార్టీ గవర్నర్ అభ్యర్థిలో, సెనెట్ అభ్యర్థిలో వెతుక్కోవచ్చు. జీతాలు గడువులో ఇచ్చేవారిని ఇంకెక్కడా వెతుక్కోలేం. ఒక మినహాయింపు ఉంది. పార్టీ అప్పు ఆరు నెలల ఖర్చును దాటిపోయి ఉంటే, డబ్బు తేగలిగినవారే ముందు. అప్పుడు కూడా, అనుభవమున్న ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ పేరు, కోశాధికారి పేరు ఎన్నికకు ముందే బయటపెడితేనే. పెద్ద దాత తానే ఛైర్మన్ అవుతానంటే మరీ జాగ్రత్త. ఫెడరల్ ఖాతాకు ఆ మనిషి ఇవ్వగలిగింది కూడా ఏడాదికి 10,000 డాలర్లే. మిగతా డబ్బు వేరేవారి నుంచి తేవాలి. ఒక కోటీశ్వరుడు ఇంకో కోటీశ్వరుడికి ఫోన్ చేసి అడగడం మీరనుకున్నంత తేలిక కాదు.

అభ్యర్థుల్లో మన తెలుగువారు ఉంటే? సంతోషమే. అదే లెక్క వారికీ వేయండి. మనవాళ్లు ఛైర్మన్ అయ్యాక ఖాతాలు తప్పితే మొత్తం మన సమాజం మీద మాట పడుతుంది. ఆ బరువు వారికి ముందే తెలిసి ఉండాలి.

కోశాధికారి గురించి ఇంకొక్క మాట. ఎఫ్‌ఈసీ చట్టం ప్రకారం కోశాధికారి పదవి ఖాళీగా ఉన్నంతకాలం పార్టీ ఒక్క డాలర్ తీసుకోకూడదు, ఒక్క డాలర్ ఖర్చుపెట్టకూడదు. కొత్త ఛైర్మన్ గెలిచిన రాత్రి పాత కోశాధికారి రాజీనామా ఇస్తే, మర్నాడు జీతాల చెక్కులు కూడా ఆగిపోతాయి. సహాయ కోశాధికారిని ముందే నమోదు చేసి ఉంటే ఈ గండం గడుస్తుంది. కోశాధికారి మారితే 10 రోజుల్లో ఎఫ్‌ఈసీ దగ్గర పార్టీ నమోదు పత్రం, ఫారం 1, సవరించాలి. బ్యాంకు సంతకాలు, ఓటర్ల డేటా ఖాతా, చందాల వెబ్ ఖాతా, డొమైన్ పేరు, సోషల్ మీడియా పాస్‌వర్డులు ఎవరి పేరు మీద ఉన్నాయో ఇప్పుడే జాబితా రాయమని ఇప్పటి కార్యవర్గాన్ని మీరు లిఖితపూర్వకంగా కోరవచ్చు. ఏ ఒక్కటైనా వెళ్లిపోయే ఉద్యోగి సొంత ఈమెయిల్ మీద ఉంటే ఎన్నికకు ముందే మార్పించండి. తర్వాత అడిగితే ఫోన్ ఎత్తరు.

ఎన్నిక రోజున ఓటు హక్కు సరిచూసే క్రెడెన్షియల్ టేబుల్ దగ్గరికి గంట ముందే వెళ్లండి. మీ పేరు జాబితాలో లేకపోతే సరిచేయించుకోవడానికి ఆ గంట కావాలి. గుర్తింపు కార్డు, మీ కౌంటీ మిమ్మల్ని ఎన్నుకున్న పత్రం వెంట ఉంచుకోండి. మీ మొదటి అభ్యర్థి తప్పుకుంటే రెండో రౌండ్‌లో ఎవరికో ఇంట్లోనే నిర్ణయించుకుని రండి. లేకపోతే హాల్లో చెవిలో చెప్పినవారి మాటే చెల్లుతుంది. చదివిన నివేదికల్లో మీకు అర్థం కాని లైన్లు ప్రింటు తీసుకుని, ప్రశ్నల సమయంలో మైకు దగ్గర నిలబడి అడగండి. సభ సాయంత్రందాకా సాగవచ్చు. పిల్లల్ని ఎవరు తీసుకొస్తారో ముందే ఏర్పాటు చేసుకోండి. మూడో రౌండ్‌కు సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. పోలైన ఓట్లలో మెజారిటీతోనే ఛైర్మన్ తేలే చోట, అప్పటికి కూర్చుని ఉన్నవారే ఛైర్మన్‌ను ఎన్నుకుంటారు.

ఇట్లు,
రాష్ట్ర పార్టీల లెక్కలూ బైలాస్ పనిలో ఉన్న కొందరు తెలుగువారు